పిల్లలకు ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ ట్రైనింగ్: కర్నూలులో తక్కువ ఖర్చుతో ఎక్కడ?

బీక్యాంప్ అమ్మ, కర్నూలు

నమస్తే అండి. మా కాలనీలో 8 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలు 24 మంది ఉన్నారు. దసరా సెలవుల్లో ఒక పూట వీళ్లకు ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ (గుండె ఆగి పడిపోయినవాళ్ల ఛాతీ నొక్కి, అవసరమైతే నోటితో ఊపిరి ఊది ప్రాణం నిలిపే పద్ధతి) నేర్పిద్దామని నాలుగైదు ఇళ్లవాళ్లం అనుకుంటున్నాం. హైదరాబాదు నుంచి వచ్చి నేర్పేవాళ్లు తలకింత అని వేలల్లో చెప్తున్నారు. రాను పోను చార్జీలు, బస కూడా మన మీదే. మేం అందరం కలిసి వేసుకోగలిగింది నాలుగు వేలు.

కర్నూలులోనే తక్కువలో నేర్పేవాళ్లు ఎవరు, వాళ్లను ఎలా అడగాలి? ఎనిమిదేళ్ల పిల్లకు సీపీఆర్ నేర్పి ఏమైనా లాభం ఉందా, పెద్ద పిల్లలకే పెట్టాలా? నొక్కి సాధన చేసే మనిషి బొమ్మ లేకుండా నేర్పితే పనికొస్తుందా? సర్టిఫికెట్ తప్పనిసరేం కాదు గానీ, ఏదో ఒక కాగితం చేతికిస్తే పిల్లలు హుషారుగా వస్తారు.

నర్సింగ్ ట్యూటర్, కడప

మేడం, ముందు సర్టిఫికెట్ సంగతి తేల్చుకోండి. ఖర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. వేలల్లో చెప్పేవి చాలావరకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు ఇచ్చే కోర్సులు. ఆ కార్డు చెల్లేది రెండేళ్లు, అడిగేది ఆసుపత్రి ఉద్యోగాలకు. ఏడో తరగతి పిల్లాడికి దానితో పనేముంది? మీ నాలుగు వేలు పిల్లల చేతులు బొమ్మ మీద ఎంతసేపు ఉంటాయో దానికి పెట్టండి, కాగితానికి కాదు.

జిల్లాలో అడగదగ్గ చోట్లు చెప్తాను. మొదటిది రెడ్ క్రాస్. ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ జిల్లా శాఖకు కలెక్టరే అధ్యక్షులు కాబట్టి సోమవారం అర్జీల్లో ఇచ్చినా లేఖ చేరాల్సిన చోటికే చేరుతుంది. స్కూలు పిల్లల కోసం జూనియర్ రెడ్ క్రాస్ అని వేరే విభాగమే ఉంది. మీ పిల్లల్లో ఎవరి బడిలోనైనా ఆ యూనిట్ ఉంటే, దాన్ని చూసుకునే టీచరును కౌన్సిలర్ అంటారు. మీరు నేరుగా అడగడం కంటే ఆ టీచరు చేత అడిగిస్తే పని ముందుకు కదులుతుంది.

రెండోది సెయింట్ జాన్ అంబులెన్స్. కండక్టర్ లైసెన్సు కావాలనుకునేవాళ్లు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ తెచ్చుకునేది వీళ్ల దగ్గరే. ఫీజు వందల్లోనే ఉంటుంది. కట్లు కట్టడం, ఎముక విరిగితే బద్ద వేయడం బాగా చెప్తారు. సీపీఆర్‌కు బొమ్మ తెస్తారా, ఎన్ని తెస్తారు అన్నది మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

మూడోది చాలామందికి తట్టదు: మెడికల్ కాలేజీలో అనస్థీషియా విభాగం. మన దేశంలో మామూలు జనానికి సీపీఆర్ నేర్పే పనిని భుజాన వేసుకున్నది మత్తు డాక్టర్లే. వాళ్ల సంఘం చొరవతో వచ్చిన రిససిటేషన్ కౌన్సిల్ 'కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్' అనే పద్ధతిని తయారు చేసింది. నోటితో ఊదడం ఉండదు. గుర్తుపట్టడం, పిలవడం, నొక్కడం, ఆసుపత్రికి చేర్చడం, అంతే. కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నాటిది, అనంతపురం, కడపల్లోనూ ప్రభుత్వ కాలేజీలు ఉన్నాయి. మెడికల్ కాలేజీకి స్కిల్ ల్యాబ్ (విద్యార్థులు బొమ్మల మీద సాధన చేసే గది) ఉండాలన్నది ఇప్పుడు నిబంధన, బొమ్మలు ఉండేది అందులోనే. ప్రిన్సిపాల్ పేరున లేఖ రాసి, ఒక ప్రతి అనస్థీషియా విభాగం అధిపతికి (హెచ్‌వోడీ) ఇవ్వండి. అక్టోబరు 16న 'వరల్డ్ రీస్టార్ట్ ఎ హార్ట్ డే' అని ప్రపంచమంతా సీపీఆర్ నేర్పే రోజు. మీ సెలవులు దాని చుట్టుపక్కలే పడతాయి కాబట్టి ఆ వారం అడిగితే కాదనే అవకాశం తక్కువ.

ప్రైవేటు నర్సింగ్ కాలేజీలను కూడా వదలొద్దు. వాళ్ల విద్యార్థులకు కమ్యూనిటీ పోస్టింగ్ ఉంటుంది, ఎక్కడో ఒకచోట ఆరోగ్య కార్యక్రమం చేసి రికార్డు రాసుకోవాల్సిందే. మీ కాలనీలో చేస్తే ఆ విద్యార్థులకూ అక్కరకొస్తుంది. ట్యూటరు ఒకరు, నాలుగో సంవత్సరం విద్యార్థులు నలుగురు, బొమ్మలు రెండు వస్తే మీ పని అయిపోయినట్టే.

లేఖలో పిల్లలు ఎంతమంది, ఏ వయసు వాళ్లు ఎందరు, మీకు వీలైన తేదీలు మూడు, హాలు ఎక్కడ, బొమ్మలు తెచ్చి దింపడానికి బండి మీరే పంపుతారన్న మాట రాయండి. ఆ చివరి మాట లేకే చాలా లేఖలు మూలన పడతాయి. పెద్ద బొమ్మ ఒక్కొక్కటి సూట్‌కేసంత పెట్టెలో ఉంటుంది, దాన్ని ఆటోలో ఎవరు మోస్తారన్న దగ్గరే పని ఆగిపోతుంది. మూడు నాలుగు వారాల ముందే ఇవ్వండి.

ఇక ఎవరు ఒప్పుకున్నా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఒక్కో బొమ్మకు ఎంతమంది? లెక్క వేసి చూడండి. ఒక్కో పిల్లకు 2 నిమిషాల చొప్పున 3 వంతులు, అంటే 6 నిమిషాలు దక్కాలి. 24 మందికి 144 నిమిషాలు. బొమ్మ ఒక్కటే అయితే దాదాపు రెండున్నర గంటలు క్యూలోనే పోతాయి, పిల్లలు గోల మొదలుపెడతారు. మూడు బొమ్మలుంటే 48 నిమిషాలు, మారే సమయంతో కలిపి గంట. ఒక బొమ్మ తెచ్చి, ఇద్దరు పిల్లలను ముందుకు పిలిచి నొక్కించి, మిగతావాళ్ల చేత చప్పట్లు కొట్టించే కార్యక్రమం ఉచితంగా వచ్చినా వద్దనండి.

ఇంకొకటి. బతికున్న మనిషి ఛాతీ మీద నొక్కి చూపించేవాళ్లను ఆపేయండి. పిల్లలు ఒకరి మీద ఒకరు సాధన చేయకూడదు, పక్కటెముకలకు దెబ్బ తగులుతుంది. స్పృహ ఉందా లేదా చూడటం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం మాత్రం ఒకరి మీద ఒకరు చేసుకోవచ్చు.

పీఈటీ, ఆదోని

పై మేడం చెప్పిన లెక్క ఖాయం. బొమ్మలు చాలవన్న దిగులు వద్దు, నాలుగైదు ఇంట్లోనే కట్టుకోవచ్చు. ముందు వయసు సంగతి చూద్దాం.

పెద్ద మనిషి ఛాతీ 5 సెంటీమీటర్లు దిగాలంటే మనిషిని బట్టి 30 నుంచి 50 కిలోల బరువు పడాలి. ఎనిమిదేళ్ల పిల్ల ఉండేదే పాతిక కిలోలు. ఎంత ఊగినా అంత లోతు దిగదు. పన్నెండు, పదమూడు దాటినవాళ్లు దింపగలరు. 'కిడ్స్ సేవ్ లైవ్స్' అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సమర్థించిన కార్యక్రమం కూడా 12 ఏళ్ల వయసు నుంచి ఏడాదికి 2 గంటలు నేర్పమంటుంది. అలాగని చిన్నవాళ్లను బయట కూర్చోబెట్టకండి. లేపి చూడటం, కేకేయడం, 108కు చెప్పడం ఎనిమిదేళ్ల పిల్ల పెద్దవాళ్లకంటే కంగారు పడకుండా చేస్తుంది. నొక్కే చోటు, వేగం తెలిసి ఉంటే పక్కనున్న పెద్దాయన చేత చేయించగలదు కూడా.

ఇక బొమ్మ. పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఒకటి, 2 లీటర్ల కూల్‌డ్రింకు ఖాళీ సీసా ఒకటి, పాత బట్టలు రెండు మూడు కిలోలు, పిన్నీసులు, ఒక తువ్వాలు. చొక్కా గుండీలన్నీ పెట్టి కింది అంచును పిన్నీసులతో మూసేయండి. సీసాను చొక్కా నడుమ, మూత మెడవైపు వచ్చేట్టు నిలువుగా పడుకోబెట్టి, రెండు పక్కలా బట్టలు దట్టంగా కూరాలి, దొర్లకుండా. వీపు వైపు మాత్రం ఒక్క మడతకు మించి బట్ట వేయొద్దు. వెనక మెత్తగా ఉంటే సీసా నొక్కుకోకుండా కిందికి కుంగిపోతుంది. సీసా మీద తువ్వాలు మడిచి పెడితే అరచేతికి గట్లు గుచ్చుకోవు. చేతులకు, తలకు ఏం పెట్టినా సరే, అవి చూపుకే.

ఈ బొమ్మకు స్ప్రింగు సీసాలోని గాలే. మూత వదులైతే మూడు నొక్కులకే చప్పబడుతుంది, పైకి లేవదు. సీసాను నీడన పెట్టి, చల్లబడ్డాక మూత బిగించండి. ఎండలో కాగిన సీసాకు బిగిస్తే ఏసీ గదిలోకో చల్లని హాలులోకో తెచ్చేసరికి లోపలికి లాక్కుపోయి ఉంటుంది. మడత పడి టకటకమని చప్పుడొస్తే సీసా మార్చే వేళయినట్టు. అందుకే బొమ్మకు రెండు సీసాలు పెట్టుకోవాలి. అసలు బొమ్మంత గట్టిగా ఇది ఉండదు. చోటు, వేగం, చేతులు నిటారుగా పెట్టడం దీని మీద నేర్పి, లోతు మాత్రం అసలు బొమ్మ మీదే చూపించాలి. లోతు కంటికి తెలియాలంటే పక్కన అగ్గిపెట్టె నిలబెట్టండి, దాని పొడవు దాదాపు 5 సెంటీమీటర్లే.

ఎక్కడ తప్పు పోతుందో చెప్తాను, ఒక్కొక్క పిల్ల దగ్గరా ఇదే చూడమని ట్రైనరుకు చెప్పండి. గుండె ఎడమ పక్కన ఉంటుందని పుస్తకంలో చదివి ఎడమ రొమ్ము మీద చేయి పెడతారు. కాదు, ఛాతీ సరిగ్గా మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద. అరచేతి మడమ ఆనాలి, వేళ్లు పైకి లేచి ఉండాలి. రెండోది మోచేతులు. మోచేయి వంచి నొక్కితే పది లెక్కపెట్టేలోగా భుజాలు పీకుతాయి. చేతులు కర్రల్లా నిటారుగా పెట్టి, భుజాలు సరిగ్గా చేతుల పైకి తెచ్చి, నడుము దగ్గర్నించి ఒంటి బరువు వేయాలి. మూడోది అందరూ చేసేదే, ఎవరూ గమనించనిది: నొక్కాక పూర్తిగా వదలరు, బరువు ఆనించే ఉంచుతారు. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి రక్తం తిరిగి చేరుతుంది. చేతులు ఎత్తక్కర్లేదు, బరువు తీస్తే చాలు.

వేగం నిమిషానికి 100 నుంచి 120. ఫోనులో మెట్రోనోమ్ యాప్ (టిక్ టిక్‌మని లయ కొట్టేది) 110 దగ్గర పెట్టండి. లెక్క తెలుగులో పెట్టించేటప్పుడు ఒక చిక్కుంది. ఒక్కో నొక్కుకు అరసెకనుకు కాస్త ఎక్కువ సమయమే ఉంటుంది. 'పంతొమ్మిది', 'ఇరవై ఎనిమిది' ఆ సందులో పట్టవు, పదకొండు దాటగానే పిల్లలు నెమ్మదిస్తారు. ఒకటి నుంచి పది వరకు మూడు సార్లు చెప్పించండి, ముప్పై అవుతుంది, లయ చెడదు.

నేల గట్టిగా ఉండాలి. కడప బండల మీద చాప పరిస్తే మోకాళ్లకు బాగుంటుంది, బొమ్మకూ బాగుంటుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు పడుకునేది నులకమంచాల మీద, నవారు మంచాల మీద. మంచం మీదే నొక్కితే కుంగేది మంచమే, ఛాతీ కాదు. మనిషిని చాపతో సహా కిందికి దించడం కూడా సాధనలో భాగం చేయండి. ఇద్దరు పిల్లలు తలవైపు, ఇద్దరు కాళ్లవైపు. పది సెకన్లలో దించాలి.

హంద్రీ ఒడ్డు, కర్నూలు

అన్నీ బాగున్నాయి గానీ ఒక్క మాట ఒప్పుకోను. నొక్కడం ఒక్కటే నేర్పితే చాలని కడప మేడం అన్నట్టుంది. కర్నూలు పిల్లలకు అది సగమే. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ, ఊరి మధ్య కేసీ కాలువ. పొలాల్లో ఫారం పాండ్లు (నీటి గుంతలు), బావులు. నీళ్లలో మునిగినవాడి గుండె ఆగేది ఊపిరి అందకే. ఆ ఒంట్లో ఆక్సిజన్ అప్పటికే అయిపోయి ఉంటుంది, ఉత్తిగా నొక్కితే తిరిగేది ఆక్సిజన్ లేని రక్తమే. మునిగిన కేసులో ముందు ఊదడం, తర్వాత నొక్కడం. మొదట 2 సార్లు ఊదమని అమెరికా పద్ధతి, 5 సార్లని యూరప్ పద్ధతి. తర్వాత రెండింటిలోనూ 30 నొక్కులకు 2 ఊదులే.

దానికంటే ముందు నేర్పాల్సింది, దూకొద్దని. ఒకడిని తీయబోయి ఇద్దరు ముగ్గురు పోయేది ఇందుకే. మునిగేవాడు దొరికినవాడి మెడను చుట్టుకుంటాడు. కర్ర, చీర, పంచె, తాడు ఏదైనా అందించాలి, ఒడ్డున బోర్లా పడుకుని మరీ. మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్ విసిరితే దాన్ని పట్టుకుని మనిషి తేలుతాడు. క్యానుకు తాడు కట్టి విసిరే పోటీ పెట్టండి, పిల్లలు ఎగబడి నేర్చుకుంటారు.

ఒడ్డుకు తెచ్చాక కాళ్లు పట్టి తలకిందులు చేసి గిరగిరా తిప్పడం, బోర్లా వేసి కడుపు మీద నొక్కి నీళ్లు కక్కించడం మన వైపు ఇంకా చేస్తున్నారు. ఊపిరితిత్తుల్లోంచి నీళ్లు అలా రావు. వచ్చేది కడుపులోని నీళ్లు, అవి మళ్లీ గొంతులోకి పోతాయి. పోయేది విలువైన రెండు నిమిషాలు.

నర్సింగ్ ట్యూటర్, కడప

అన్నా, మీరు చెప్పింది నిజమే. పెద్దవాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలితే నొక్కడం చాలు. నీళ్లలో మునిగినవాళ్లకు, చిన్నపిల్లలకు ఊదడం కావాలి. 12 దాటినవాళ్లకు రెండూ నేర్పుదాం. సీసా బొమ్మ మీద ఊదడం కుదరదు, అసలు బొమ్మ మీదే చేయాలి. అక్కడ ఒకరి ఎంగిలి ఒకరికి అంటకుండా ఒక్కో పిల్లకు ఒక్కో ప్లాస్టిక్ ఫేస్ షీల్డు (ఊదేటప్పుడు బొమ్మ నోటి మీద పరిచే పొర) ఇవ్వాలి, బొమ్మ ముఖాన్ని స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి. మీ నాలుగు వేలలో కొంత వీటికి పక్కన పెట్టండి.

ఊదేటప్పుడు పిల్లలు చేసే తప్పు గట్టిగా, ఎక్కువసేపు ఊదడం. ఒక్క సెకను, ఛాతీ కొద్దిగా లేచేంత. ఎక్కువైతే గాలి కడుపులోకి పోయి వాంతి అవుతుంది. తల వెనక్కి వంచి గడ్డం ఎత్తకపోతే అసలు లోపలికే పోదు, ముక్కు మూయకపోతే అట్నుంచి బయటికొచ్చేస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది నొక్కడం కంటే కష్టం, క్లాసులో దీనికి పది నిమిషాలైనా ఇవ్వండి. రెండు భుజాలు గట్టిగా తట్టి, చెవి దగ్గర పిలవాలి. పలకలేదు. ఛాతీ కేసి పది సెకన్లకు మించకుండా చూడాలి. కదలడం లేదు, లేదా చేపను ఒడ్డున వేస్తే నోరు తెరిచినట్టు ఎప్పుడో ఒకసారి గురకలాంటి ఊపిరి. దాన్నే మనవాళ్లు ఎగశ్వాస అంటారు. ఎగశ్వాస ఉందంటే ఊపిరి ఉందని కాదు, గుండె ఆగిందని అర్థం. 'ఇంకా ఊపిరి తీస్తున్నాడు' అని చూస్తూ నిలబడిపోయేది ఇక్కడే. ట్రైనరు ఆ శబ్దం చేసి చూపించాలి, పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి, గుర్తుండిపోతుంది.

మాట్లాడుతున్నవాళ్లకు, ఛాతీ పట్టుకుని కూర్చున్నవాళ్లకు సీపీఆర్ చేయరు. ఆ తేడా పిల్లలకు తెలియాలి. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గాలన్న వాట్సాప్ మెసేజి కూడా ఆ రోజే చెత్తబుట్టలో వేయించండి. పడిపోయినవాళ్ల నోట్లో నీళ్లు పోయడం, ఉల్లిపాయ వాసన చూపించడం, ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం... ఇవి చేయొద్దంటే అమ్మమ్మలు కోప్పడతారు. అయినా చెప్పాల్సిందే. స్పృహ లేని మనిషి గొంతులో పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మీ ట్రైనరు తాజాగా ఉన్నారో లేదో తెలుసుకునే కిటుకు ఒకటి: ఏడాది లోపు పాపకు ఎలా నొక్కాలని అడగండి. 'రెండు వేళ్లతో' అంటే పాత పాఠం. 2025 అమెరికన్ మార్గదర్శకాల్లో రెండు వేళ్ల పద్ధతి తీసేశారు. ఒక చేతి మడమతో గానీ, రెండు చేతులతో ఛాతీని చుట్టి రెండు బొటనవేళ్లతో గానీ నొక్కాలి, దాదాపు 4 సెంటీమీటర్ల లోతు.

బీక్యాంప్ అమ్మ, కర్నూలు

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. లేఖ రేపే తయారు చేస్తాం. ఇంకో రెండు సందేహాలు. పన్నెండు లోపు పిల్లలు మాకు 13 మంది ఉన్నారు, పెద్దవాళ్లు బొమ్మల దగ్గర ఉన్నంతసేపు వీళ్లకు ఏం నేర్పించాలి? ఇళ్లలో రెండు మూడేళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు, గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ఈ పిల్లలు ఏమైనా చేయగలరా?

స్కౌట్ మాస్టర్, అనంతపురం

అక్కా, ఇరుక్కునేదాని గురించే ముందు చెప్తా, మా అనంతపురంలో అది చెనక్కాయ. మీ కర్నూలు పక్క బుడ్డలంటారు. బద్ద నున్నగా ఉంటుంది, నమిలే పళ్లు రాని పిల్లోళ్ల ఊపిరిగొట్టంలోకి జారేకి సరిగ్గా సరిపోతుంది. నాలుగేళ్ల లోపు వాళ్లకు గింజలు చేతికి ఇయ్యకూడదు, ఇస్తే పొడి చేసి ఇయ్యాల. పిల్లలకు నేర్పాల్సిన మొదటి పాఠం ఇదే: తమ్మునికి బుడ్డలు పెట్టొద్దు.

ఇరుక్కుంటే చూడాల్సింది దగ్గు. దగ్గుతా ఉంటే, ఏడుస్తా ఉంటే ముట్టుకోవద్దు, దగ్గనియ్యల్ల. దగ్గు చప్పుడు రాక, మాట రాక, పెదాలు నీలం తిరుగుతా ఉంటే అప్పుడు పని. ఏడాది దాటిన పిల్లోళ్లను ముందుకు వంచి, వీపు మీద రెండు భుజం రెక్కల నడుమ అరచేతి మడమతో 5 దెబ్బలు. పోలేదంటే వెనక నిలబడి బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు లాగాల. మళ్లీ 5, మళ్లీ 5. ఏడాది లోపు పాపకు కడుపు మీద చేసేది లేదు, ముంజేతి మీద తల కిందికి వచ్చేట్టు బోర్లా వేసి వీపు మీద 5, తిప్పి ఛాతీ మీద 5. మనిషి వాలిపోతే కింద పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టల్ల. నోట్లో వేలు పెట్టి కెలికేది వద్దు, కంటికి కనపడితేనే తీయాల. లేదంటే ఇంకా లోపలికి పోతుంది. పదేళ్ల పిల్ల వీపు మీద దెబ్బలు బాగా ఏయగలదు. సాధనకు గోనెసంచిలో బట్టలు కూరి, ముందుకు వంచి కొట్టించు. పిల్లోళ్ల వీపు మీద కొట్టించొద్దు, ఆట అనుకుని దంచుతారు.

చిన్నోళ్లకు ఇంకో మూడు చాలు, ఎక్కువ పెడితే ఒక్కటీ మిగలదు.

ఒకటి ఫోను. లాక్ వేసిన ఫోన్లో కూడా కింద 'ఎమర్జెన్సీ' అని ఉంటుంది, అక్కడ 112 కొడితే పోతుంది. ప్రతి పిల్లా వాళ్లమ్మ ఫోన్లో అది యాడుందో కళ్లతో చూసి రావల్ల, కొట్టకుండా. 108కు చెప్పేటప్పుడు వరస: ఊరు, వీధి, పక్కన ఉండే గుడో, బడో, వాటర్ ట్యాంకో, ఏమైంది, మనిషి పలుకుతున్నాడా లేదా. 'మా ఇంటికాడికి రండి' అని పెట్టేసేవాళ్లే ఎక్కువ. అవతలోళ్లు చెప్పేదాకా ఫోను పెట్టేయకూడదు, స్పీకర్లో పెట్టి పక్కన ఉంచల్ల. ఇద్దరిద్దరిని వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టి, ఒకరు 108, ఒకరు పిల్ల, అట్ల ఆడించు. ఒకరి మొఖం ఒకరికి కనపడకూడదు, ఫోన్లో అంతే కదా. ఒక పిల్లను అంబులెన్సు కోసం సందు మొదట్లో నిలబెట్టేది కూడా నేర్పల్ల.

రెండోది రక్తం. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి, అరచేత్తో గట్టిగా పది నిమిషాలు అదిమి పట్టల్ల. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డ కట్టింది చెదిరిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి. దూది నేరుగా పెట్టొద్దు, పోగులు అతుక్కుంటాయి. కాఫీపొడి, పసుపు కూడా వద్దు. కట్టు గుడ్డకు తెల్ల తాను మీటరు చదరం తెచ్చి మూలకు మూల కోస్తే రెండు త్రికోణాలు వస్తాయి. 24 మందికి ఇద్దరికి ఒకటి లెక్కన 6 మీటర్లు. చేయి మెడకు వేలాడదీసేది, తలకు కట్టేది అన్నీ దాంతోనే. ముడి ఎప్పుడూ రీఫ్ నాట్, కుడిది ఎడమ మీద, ఎడమది కుడి మీద. చదునుగా ఉంటుంది, ఒత్తదు, తీసేకి సులువు.

మూడోది కాలిన గాయం. కుళాయి కింద 20 నిమిషాలు, అంతే. ఐస్ వద్దు, పేస్టు వద్దు, ఇంకు వద్దు. ఉంగరం, గాజులు వాపు రాకముందే తీసేయాల. కుళాయిలో నీళ్లు లేవంటే చెంబుతో పోస్తా ఉండల్ల.

పాము సంగతి కూడా ఒక ముక్క. నాగుపాము అయినా, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఏదైనా సరే, తాడు కట్టేది, కోసేది, నోటితో పీల్చేది లేదు. కాటు పడిన చేయో కాలో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా ప్రభుత్వాసుపత్రికి పట్టుకుపోవల్ల. విరుగుడు మందు ఆడ ఉచితంగానే ఇస్తారు. కట్లపాము రాత్రి కింద పడుకున్నోళ్లను కొరుకుతుంది, గాటు సరిగ్గా కనపడదు కూడా. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోయేది చూస్తే అదే అనుకోవల్ల.

మీ పిల్లోళ్లలో స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఉండేవాళ్లు ఉంటే వాళ్ల మాస్టరును పిలువు, కట్లు, ముడులు వాళ్ల సిలబస్సే, డబ్బులు అడగరు.

హంద్రీ ఒడ్డు, కర్నూలు

అనంతపురం అన్నా, కరెంటు మర్చిపోయినావు. మోటారు స్టార్టరు దగ్గర, తడి తీగ మీద బట్టలారేసే దగ్గర షాకు కొట్టి పట్టుకుంటే ముందు మెయిన్ ఆపాలి. పిల్లలకు మీ ఇంటి మెయిన్ స్విచ్ చేతికందుతుందో లేదో ఆ రోజే చూడండి. అందకపోతే స్టూలు అక్కడే ఉండాలి. మెయిన్ ఆపకుండా పట్టి లాగితే ఇద్దరూ అతుక్కుంటారు.

అగ్నిమాపక కేంద్రాన్ని కూడా అడగండి మేడం. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో పేలుడు జరిగిన రోజుకు గుర్తుగా చేస్తారు. ఆ వారం బడులు, కాలనీలకు వచ్చి చేసి చూపిస్తారు. ఈ దసరాకు నేర్చుకున్నది ఆ ఏప్రిల్‌లో మళ్లీ ఒకసారి చేయిస్తే సరిగ్గా ఆరునెలలు. అంతకు మించి గ్యాప్ ఇస్తే చేతులు మర్చిపోతాయి.

పీఈటీ, ఆదోని

108 సిబ్బందిని పిలవాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి, బాగా చెప్తారు, కానీ మధ్యలో కాల్ వస్తే బండెక్కి వెళ్లిపోతారు. వాళ్లొక్కరినే నమ్ముకుని కార్యక్రమం పెట్టొద్దు, ఇంకెవరైనా తోడుండాలి.

సర్టిఫికెట్ మీరే ముద్రించుకోండి. 'హాజరయ్యారు' అని కాకుండా 'బొమ్మ మీద 2 నిమిషాలు ఆగకుండా నొక్కారు' అని రాయించండి. నొక్కినవాళ్లకే ఇవ్వండి, ట్రైనరు ముందు, టైమరు పెట్టి.

బీక్యాంప్ అమ్మ, కర్నూలు

రాసుకున్నాను అండి. మెడికల్ కాలేజీకి ఒక లేఖ, రెడ్ క్రాస్‌కు ఒకటి, పక్కనున్న నర్సింగ్ కాలేజీకి ఒకటి. సీసా బొమ్మలు ఐదు మేమే కట్టుకుంటాం. తెల్ల తాను 6 మీటర్లు, ఫేస్ షీల్డులు 11, మెట్రోనోమ్ ఫోన్లో. పిల్లలకు మధ్యలో ఉగ్గాని బజ్జీ.

నర్సింగ్ ట్యూటర్, కడప

ఉగ్గాని సెషన్ అయ్యాక పెట్టండి మేడం. కడుపు నిండా తిని బోర్లా వంగి నొక్కితే సగం మంది కక్కుకుంటారు. ఫేస్ షీల్డులు 11 కాదు, 15 తీసుకోండి, ఒకటో రెండో చిరుగుతాయి, చూడటానికి వచ్చిన నాన్నలు కూడా చివర్లో మేమూ చేస్తామంటారు.